ముందే తెలిసిన వ్యూహమా, ఊహించని ఎత్తుగడా? ట్యాంకుల ఆటల్లో జట్టు ఎలా ఆడాలి?

ఉక్కుచక్రం
శనివారం, రాత్రి 9:15

మా క్లాన్‌లో (ఆన్‌లైన్‌లో కలిసి ఆడే మా బృందంలో) కొంతకాలంగా తెగని వాదన ఒకటి నడుస్తోంది. వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ అనే ఆన్‌లైన్ ట్యాంకుల ఆటలో స్కర్మిష్‌లకు, అంటే క్లాన్‌ల మధ్య పోరాటాలకు, దిగేటప్పుడు ప్రతి మ్యాపుకూ ఒకే ఆరంభాన్ని ఖాయం చేసుకుని, ఎవరి ట్యాంకు ఏ గోడ పక్కన ఆగాలో అడగకుండానే తెలిసేంతగా సాధన చేయాలని సగం మంది అంటారు. ఒకే క్లాన్‌తో ఒకే సాయంత్రం రెండుమూడు సార్లు తలపడవలసి వస్తుంది కాబట్టి, మన కదలికను వాళ్ళు రెండో ఆటకే పసిగట్టేస్తారనీ, ప్రతిసారీ దారి మార్చాల్సిందేననీ మిగతా సగం మంది పట్టుబడతారు.

ఉదాహరణకు హిమ్మెల్స్‌డార్ఫ్ మ్యాపు తీసుకోండి. 700 మీటర్ల చదరంలో ఇమిడిన నగరం అది. ఒక పక్క కోట ఉన్న కొండ, మధ్యలో ఇరుకు వీధులు, ఇంకొక పక్క రైలు పట్టాలు; భారీ ట్యాంకులు ఎటు వెళ్తాయో ఈ ఆటను నెల రోజులు ఆడినవారెవరైనా చెప్పగలరు. అంతా తెలిసిన చోట కొత్తగా చేయడానికి ఏం మిగిలి ఉంటుంది? అసలు ఊహకందని వ్యూహం వల్ల గెలుపు వస్తుందా, లేక అది వీడియోల్లో చూడటానికి బాగుంటుందా? అనుభవం ఉన్నవారు వివరంగా రాయాలని మనవి.

నెమ్మది మహాకాయం
శనివారం, రాత్రి 9:52

నేను ఎక్కువగా మౌస్ అనే భారీ ట్యాంకు నడుపుతాను కాబట్టి నా అభిప్రాయం ఎటు మొగ్గుతుందో మీరు ఈపాటికే ఊహించి ఉంటారు. ఆ ట్యాంకు గరిష్ఠ వేగం గంటకు 20 కిలోమీటర్లు, అంటే నిమిషానికి దాదాపు 333 మీటర్లు, అదీ నేల గట్టిగా, చదునుగా ఉంటేనే. ఒక పార్శ్వానికి వెళ్ళాక జట్టు మనసు మార్చుకుని 600 మీటర్ల అవతలి పార్శ్వానికి రమ్మంటే నాకు రెండు నిమిషాలకు కాస్త తక్కువ పడుతుంది. ఆ రెండు నిమిషాలూ మన జట్టు ఒక తుపాకీ తక్కువతో పోరాడినట్టే లెక్క.

ర్యాండమ్ బ్యాటిల్స్‌లో సమస్య ఇంకా తీవ్రంగా ఉంటుంది. పదిహేను మందిలో ఎవరికీ ఎవరూ తెలియరు, ఆరంభానికి ముందున్న 30 సెకన్లలో ఎవరూ చాట్ చదవరు, వాయిస్‌లో మాట్లాడుకునే వీలు ప్లటూన్‌లో (ముందే జతకట్టి వచ్చిన చిన్న గుంపులో) ఉన్న ఇద్దరు ముగ్గురికి మించి ఉండదు. అటువంటి జట్టును కట్టి ఉంచేది ఒక్కటే: భారీ ట్యాంకు ఎటు వెళ్తుందో, లైట్ ట్యాంకు ఏ పొద చేరుతుందో తక్కినవారు చెప్పకుండానే ఊహించగలగడం. మన కదలిక ఎదుటివారికి ఆశ్చర్యం కలిగించే ముందు మనవాళ్ళనే దిక్కు తోచకుండా చేస్తే దాన్ని వ్యూహం అనలేం.

పొదలమాటు
శనివారం, రాత్రి 10:20

మహాకాయం గారి మాటతో ర్యాండమ్ బ్యాటిల్స్ వరకు ఏకీభవిస్తాను. అయితే ప్రశ్నను వేసిన తీరులోనే నాకు కొంచెం ఇబ్బంది కనిపిస్తోంది. ఊహించని ఎత్తుగడ అనగానే అందరూ కొత్త దారి గురించి మాట్లాడుతున్నారు. ఈ ఆటలో కొత్త దారులు లేవు. చాలా మ్యాపులు ఏళ్ళ తరబడి ఉన్నవే, వాటిలో ప్రతి రాయి వెనుకా ఎవరో ఒకరు ఎప్పుడో నిలబడే ఉంటారు. ఎదుటివారికి తెలియకుండా ఉంచగలిగేది ఈ క్షణాన ఎవరు ఎక్కడ ఉన్నారన్న సమాచారం ఒక్కటే.

ఆ సమాచారం ఎలా పుడుతుందో చూడండి. ఎంత గొప్ప చూపు ఉన్న ట్యాంకైనా 445 మీటర్లు దాటి శత్రువును గుర్తించలేదు. 50 మీటర్ల లోపలికి వస్తే మధ్యలో గోడ ఉన్నా కనబడిపోతారు. పొద వెనుక దాగి కాల్చేటప్పుడు పొదకు 15 మీటర్లకు మించి వెనక్కి జరిగితే దాని మరుగు నిలుస్తుంది, దగ్గరగా ఉండి కాలిస్తే పోతుంది. మనం కనబడ్డామని చెప్పే దీపం మూడు సెకన్లు ఆలస్యంగా వెలుగుతుంది. ఇవన్నీ కలిపి చూస్తే, నేను లైట్ ట్యాంకుతో చేసే పని ఎదుటివారి మినీమ్యాపు (తెర మీది చిన్న మ్యాపు) మీద ఏం కనబడాలో నిర్ణయించడమే. మన ఎనిమిది ట్యాంకులు రైలు పట్టాల వైపు దాటుతున్నట్టు వాళ్ళకు మొదటి నిమిషంలోనే కనబడితే, ఆ తర్వాత అందులో మూడు మరుగుపడి వెనక్కి మళ్ళినా వాళ్ళ లెక్కలో ఎనిమిదీ అక్కడే ఉంటాయి. వ్యూహం పాతదే, దారి పాతదే, కానీ వాళ్ళ దగ్గర ఉన్న చిత్రం ఒక నిమిషం పాతబడింది. నా దృష్టిలో ఆశ్చర్యం అంటే ఆ నిమిషమే.

రెండో గేరు
శనివారం, రాత్రి 10:31

ఇంత ఆలోచన ఎందుకండీ? పదిహేను మందీ ఒకే పక్కకు కట్టగట్టుకుని వెళ్తే ఎదురుగా ఉన్న అయిదారుగురు ఏం చేయగలరు? గణితం మన పక్షాన ఉంటుంది కదా.

లెక్కల మాస్టారు
ఆదివారం, ఉదయం 7:05

గణితం ప్రస్తావన వచ్చింది కనుక ఉదయాన్నే కూర్చుని రాస్తున్నాను.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1916లో, ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఆంగ్లేయ ఇంజనీరు దూరం నుంచి కాల్చుకునే రెండు దళాల బలాన్ని అంచనా వేయడానికి వర్గ నియమాన్ని వివరించాడు. అందరికీ అందరూ గురి అయ్యే పరిస్థితిలో దళం బలం సంఖ్యకు కాక సంఖ్య వర్గానికి అనుపాతంలో ఉంటుందని దాని సారం. ట్యాంకులన్నీ సమానమని అనుకుని, మనం ఒక పార్శ్వానికి 9, రెండో పార్శ్వానికి 6 పంపాం, ఎదుటివారు మన తొమ్మిదికి ఎదురుగా 5, మన ఆరుకు ఎదురుగా 10 పెట్టారు అనుకుందాం.

మొదటి పార్శ్వంలో 81 నుంచి 25 తీసేస్తే 56. దాని వర్గమూలం దాదాపు ఏడున్నర. అంటే మనం అయిదుగురినీ తుడిచిపెట్టే సమయానికి ఏడున్నర ట్యాంకుల బలం మిగులుతుంది. బాగుంది. రెండో పార్శ్వంలో 100 నుంచి 36 తీసేస్తే 64, వర్గమూలం 8. అక్కడ వాళ్ళకు ఎనిమిది మిగులుతాయి. ఏడున్నరకు ఎదురు ఎనిమిది! ఇంత హడావుడి చేసి, చివరికి మనమే ఒక అరట్యాంకు వెనకబడ్డాం.

రెండో గేరు గారు చెప్పినట్టు పదిహేనూ ఒకే పక్కకు వెళ్తే ఎదురున్న అయిదుగురు ఇట్టే పోతారు, నిజమే. వాళ్ళు అక్కడే నిలబడి పోరాడితే అలా జరుగుతుంది. వెనక్కి తగ్గి, మూలల వెనుక నుంచి ఒక్కొక్క గుండు వేస్తూ కాలం గడిపితే మిగిలిన పదిమంది ఈలోపు మన బేస్‌లో (స్థావరంలో) కూర్చుంటారు. బేస్ పట్టడానికి 100 పాయింట్లు కావాలి. ఒక్కో ట్యాంకుకు సెకనుకు ఒక పాయింటు చొప్పున ముగ్గురు నిలబడితే 34 సెకన్లలో ఆట ముగిసిపోతుంది.

పొదలమాటు
ఆదివారం, ఉదయం 9:40

మాస్టారు, ఈ లెక్కలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది రెండో పార్శ్వంలోని ఆరుగురి సంగతి. వాళ్ళు పదిమందితో తలపడితే మన ఎత్తుగడ దండగ, తలపడకుండా ఆ పదిమందినీ ఒక నిమిషంన్నర అక్కడే కట్టిపడేస్తే ఎత్తుగడ పండుతుంది. అందువల్ల ఒకే పార్శ్వం మీద విరుచుకుపడే ఏ వ్యూహంలోనైనా అత్యంత నైపుణ్యం ఉన్న ఆటగాళ్ళను దాడిలో కాక వెనక ఉంచే దళంలో పెట్టాలని నా నమ్మకం. చాలా క్లాన్‌లు దీనికి సరిగ్గా వ్యతిరేకం చేస్తాయి, ఎందుకంటే దాడిలో డ్యామేజీ అంకెలు పెరుగుతాయి, వెనక ఉన్నవారి పేరు ఎవరూ చదవరు.

ఇంకొక విషయం. ఆ ఆరుగురూ ఆరుగురిలా కనబడకూడదు. ఒకరు కాల్చి మరుగుపడగానే ఇంకొక చోట నుంచి ఇంకొకరు కాలుస్తుంటే, వెలిగి ఆరే చుక్కలను చూసి అక్కడ ఎనిమిది తొమ్మిది ట్యాంకులు ఉన్నాయని ఎదుటి కాలర్ (జట్టుకు ఆదేశాలిచ్చేవాడు) భ్రమపడతాడు. ఆ భ్రమ నిలవాలంటే ఆరుగురూ మామూలుగా అందరూ ఆడే చోట్లలోనే, అందరూ ఆడే తీరులోనే ఉండాలి. వింత చోటున కనబడిన ట్యాంకు అనుమానం పుట్టిస్తుంది.

డల్లాస్ దళపతి
ఆదివారం, ఉదయం 11:15

ఇక్కడ శనివారం అర్ధరాత్రి దాటింది, నార్త్ అమెరికా సర్వర్‌లో ఆటలు ముగించుకుని ఇప్పుడే ఈ చర్చ చదివాను. పోటీ ఆటల చరిత్రలో దీనికి సంబంధించిన ఒక ఘట్టం ఉంది, కొత్తవారికి తెలియకపోవచ్చు.

ఈ ఆట తయారుచేసిన వార్‌గేమింగ్ సంస్థ నడిపిన లీగ్‌లో మొదట్లో ఏడుగురితో ఏడుగురు, సాధారణ పద్ధతిలో ఆడేవారు. ఆ స్థాయి జట్లకు ప్రతి మ్యాపూ కంఠస్థం. ముందు కదిలినవాడే ముందు కనబడతాడు, కనబడినవాడు దెబ్బ తింటాడు, అందువల్ల ఇద్దరూ తమతమ చోట్ల కూర్చుని ఎదుటివాడి కోసం ఎదురుచూడటమే తెలివైన ఆటగా మారింది. ఆడేవారికి అది తర్కబద్ధమే, చూసేవారికి మాత్రం నిద్ర వచ్చేది. ఆ తర్వాత దాడి–రక్షణ పద్ధతి తెచ్చారు: ఒక జట్టు రెండు బేస్‌లను కాపాడాలి, రెండో జట్టు సమయం ముగిసేలోపు వాటిలో ఏదో ఒకటి పట్టాలి, లేదా అందరినీ ధ్వంసం చేయాలి. ఆ తర్వాత పాత్రలు మారతాయి. 2014 నుంచి 2016 వరకు వార్సాలో ఫైనల్స్ జరిగిన కాలంలోనే ట్యాంకుల స్థాయి నియమం కూడా మారి, ఏడుగురికి 68 పాయింట్లు (ట్యాంకు టయరు, అంటే స్థాయి, ఎంతో అన్ని పాయింట్లు), అంటే ఆరు పదో టయరు ట్యాంకులూ ఒక ఎనిమిదో టయరు ట్యాంకూ తెచ్చుకునే వీలు కలిగింది.

నేను చెప్పదలచింది ఏమిటంటే, ఆశ్చర్యానికి చోటు ఉంటుందా లేదా అన్నది ఆటగాళ్ళ ధైర్యం కంటే నియమాల మీదనే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఎదుటివాడు కదలక తప్పని పరిస్థితి ఉంటేనే అతను తప్పుగా ఊహించే అవకాశం పుడుతుంది. ఇద్దరికీ కూర్చునే హక్కు ఉన్న చోట ఎంత కొత్త ఆలోచన చేసినా అది పొద మీదుగా వెళ్ళి పొదకే తగులుతుంది. మాలినోవ్‌కా మ్యాపులోని మైదానంలో ఆడినవారికి వేరే చెప్పనక్కరలేదు.

లెక్కల మాస్టారు
ఆదివారం, మధ్యాహ్నం 2:30

దళపతి గారు రెండు బేస్‌ల సంగతి ఎత్తడం మంచిదైంది, ఎందుకంటే దానికి సరిగ్గా అతికే సిద్ధాంతం ఉంది. జాన్ వాన్ న్యూమన్ 1928లో నిరూపించిన మినిమాక్స్ సిద్ధాంతం ప్రకారం, ఒకరి లాభం రెండోవారి నష్టంగా ఉండే ఆటలో ఒక్కొక్కరికీ కొన్ని ఎత్తుగడలను తగిన నిష్పత్తిలో, యాదృచ్ఛికంగా కలిపి ఆడే ఉత్తమ పద్ధతి ఉంటుంది.

వివరణ కోసం కొన్ని అంకెలు కల్పించుకుందాం. దాడి జట్టు ఖాళీగా ఉన్న బేస్‌కు వెళ్తే నూటికి 80 సార్లు గెలుస్తుంది. రక్షణ సిద్ధంగా ఉన్న ఎ బేస్‌కు వెళ్తే 40 సార్లు, సిద్ధంగా ఉన్న బి బేస్‌కు వెళ్తే 20 సార్లు గెలుస్తుంది. ఎ సులువైనది కనుక ఎప్పుడూ ఎ మీదికే వెళ్ళే జట్టును ఎదుటివారు రెండో ఆటకే కనిపెట్టి అక్కడే కూర్చుంటారు. దాని గెలుపు 40కి పడిపోతుంది. పదింట ఆరుసార్లు ఎ మీదికి, నాలుగుసార్లు బి మీదికి, ఏ క్రమమూ లేకుండా వెళ్తే ఎదుటివారు ఎక్కడ కూర్చున్నా గెలుపు 56కు తగ్గదు. కావలసినవారు కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

గమనించండి, బలహీనమైన దారి అని తెలిసిన బి మీదికి కూడా పదింట నాలుగుసార్లు వెళ్ళాలి. బి గెలుపు కోసమే కాదు, ఎ దగ్గర కాపలా పలచబడటం కోసం కూడా.

ఉక్కుచక్రం
ఆదివారం, సాయంత్రం 6:10

మాస్టారు, అంకెలు వేసి చూశాను, సరిగ్గానే వచ్చాయి. అయితే మా క్లాన్‌లోని మొదటి పక్షం తరఫున ఒక అభ్యంతరం చెప్పాలి. మీరు ఖాళీగా ఉన్న బి బేస్‌కు వెళ్ళినా 80 సార్లు గెలుస్తామని అనుకున్నారు. మేము ఎ మీదనే సాధన చేసి, బి దారిని ఎప్పుడో ఒకసారి మాత్రమే ఆడే జట్టు అయితే, అక్కడ ఏ మలుపులో ఎవరు ముందుండాలో తెలియక, ఖాళీ బేస్‌నైనా 50 సార్లే పట్టగలం. ఆ ఒక్క అంకె మార్చి మళ్ళీ కట్టాను. ఎంత బాగా కలిపి ఆడినా గెలుపు దాదాపు 46 దగ్గర ఆగిపోతోంది. ఒకే దారిలో వెళ్తే 40 ఎలాగూ వస్తుంది. పదహారు పాయింట్ల లాభం కాస్తా ఆరుకు దిగింది. వారానికి రెండు సాయంత్రాలు మాత్రమే కలుసుకునే జట్టుకు ఆ ఆరు పాయింట్ల కోసం రెండు దారులూ నేర్చుకోవడం గిట్టుబాటవుతుందా?

లెక్కల మాస్టారు
ఆదివారం, సాయంత్రం 6:48

చక్కని సవరణ. నా ఉద్దేశంలో గిట్టుబాటవుతుంది, ఎందుకంటే సాధనతో ఆ 50ని 80 వైపు జరపవచ్చు, కానీ ఒకే దారిలో ఉండిపోయిన 40ని జరపడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. ఐతే రెండు దారులు చాలు. మూడో దారి, నాలుగో దారి అంటూ పోతే మీరన్న జబ్బే మళ్ళీ వస్తుంది.

గోదావరి గన్నర్
ఆదివారం, రాత్రి 8:20

నాలాగా ఫోన్‌లో బ్లిట్జ్ (ఇదే ఆటకు మొబైల్ రూపం) ఆడేవారి సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఏడుగురితో ఏడుగురు, ఏడు నిమిషాల ఆట, చిన్న మ్యాపులు, ప్లటూన్ అంటే ఇద్దరే. తొలి ముప్పై నలభై సెకన్లలో ఏడు ట్యాంకులూ ఏదో ఒక పక్కకు తేలిపోతాయి, ఆ తర్వాత దిద్దుకోవడానికి వ్యవధి ఉండదు. అందువల్ల ఇక్కడ ఆశ్చర్యపరచడం పెద్ద మ్యాపుల్లో కంటే సులువు, జట్టు చీలిపోవడం అంతకంటే సులువు. ప్లటూన్‌లో ఉన్న ఇద్దరం వింత దారి పడితే మిగతా అయిదుగురు ఏడుగురితో పోరాడతారు. సుప్రిమసీ పద్ధతిలో మాత్రం మూడు బేస్‌లు ఉండటం వల్ల పాయింట్లు పెరుగుతుంటే ఎదుటివారు కదలక తప్పదు; దళపతి గారు చెప్పిన సూత్రం అక్కడ అచ్చంగా కనబడుతుంది.

ఇంజను ధ్వని
ఆదివారం, రాత్రి 8:55

వార్ థండర్ అనే ఇంకొక ట్యాంకుల ఆటలో పరిస్థితి వేరు. అక్కడ ప్రాణశక్తి పట్టీ ఉండదు, సరైన చోట తగిలిన ఒక్క గుండుతో ట్యాంకు పోతుంది, రియలిస్టిక్ బ్యాటిల్స్‌లో శత్రువు మీద గుర్తు కూడా కనబడదు. కాబట్టి పక్క నుంచి వచ్చిన ఒక్కడు ముగ్గురిని తీసేయగలడు. కానీ పోయినవాడు మళ్ళీ ఇంకొక వాహనంతో దిగుతాడు, ఎవరు ఎక్కడి నుంచి కొట్టారో కిల్‌క్యామ్‌లో (తాను ఎలా పోయాడో చూపే దృశ్యంలో) చూసి మరీ దిగుతాడు. అక్కడ ఒకే చోటు నుంచి రెండోసారి కాల్చడం అంటే ఆహ్వానపత్రిక పంపినట్టే.

నెమ్మది మహాకాయం
సోమవారం, రాత్రి 9:05

చర్చ ఎక్కడికి వచ్చిందో చూస్తే నాకు కబడ్డీ గుర్తొస్తోంది. రైడర్ వస్తాడని అందరికీ తెలుసు, గీత ఎక్కడుందో తెలుసు, ముప్పై సెకన్లే ఉంటాయని తెలుసు, అతనికి ఇష్టమైన వైపు ఏదో కూడా తెలుసు. తెలియనిది ఏ క్షణాన కాలు చాపుతాడన్నదే. పట్టేవారిని ఓడించేది ఆ ఒక్క క్షణమే.

పొదలమాటు గారు అన్న నిమిషమూ, మాస్టారు అన్న రెండు దారులూ నా మౌస్‌కు కూడా పనికొస్తాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నేను ఎప్పుడూ వెళ్ళే వీధికే వెళ్తాను, ఎదుటివారు నాకోసం ఇద్దరినో ముగ్గురినో కేటాయిస్తారు. నేను మూల దాటేది ఎప్పుడన్నది మాత్రం కాలర్ చేతిలో ఉండాలి. అవతలి పార్శ్వంలో మన బ్యాట్‌షాట్ 25 టి ట్యాంకు క్లిప్‌లోని (వెంటవెంటనే కాల్చే గుళ్ళ వరుసలోని) అయిదు గుళ్ళూ నింపుకుని సిద్ధమైన క్షణానే నేను ముందుకు కదిలితే, వాళ్ళ తుపాకులన్నీ నా వైపే తిరిగి ఉంటాయి. ఒక్కో గుండుకు సగటున 390 డ్యామేజీ చొప్పున అయిదూ తగిలితే 1950. ఎనిమిది సెకన్లు ముందో వెనుకో కదిలానా, ఆ క్లిప్ ఎవరి మీదా పడదు. నెమ్మదిగా వెళ్ళే ట్యాంకు దారి మార్చలేదు, కానీ సమయం మార్చగలదు.

పాత సిపాయి
సోమవారం, రాత్రి 10:00

కంప్యూటర్ ఆటలు నాకు అంతగా రావు, మనవడి ఖాతాతో చదువుతుంటాను. ఎదుటివాడు ఒకే దారిలో వస్తాడని తెలిస్తే ఏమవుతుందో 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ పోరులో ప్రపంచం చూసింది. మన 4వ మౌంటెన్ డివిజన్ గుర్రపు నాడా ఆకారంలో మోహరించి, పొలాల్లోకి నీళ్ళు వదిలి, చెరకు తోటల చాటున తుపాకులు పెట్టుకుని కూర్చుంది. పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు సాంకేతికంగా ఎంత మెరుగైనవైనా ఆ బురదలోకే వచ్చి చిక్కుకున్నాయి. అక్కడ ఆశ్చర్యపరిచింది కదిలినవాడు కాదు, కదలనివాడు. మీ చర్చలో అందరూ దాడి చేసేవాడి వైపు నుంచే మాట్లాడుతున్నారు కనుక ఈ మాట రాశాను.

ఉక్కుచక్రం
మంగళవారం, రాత్రి 9:30

సిపాయి గారికి నమస్కారాలు. రక్షణ సంగతి మేము అసలు ఆలోచించలేదు. దాడి చేసేవాడు తనకు అలవాటైన దారిలోనే రావాలని మనం కోరుకుంటే, ఆ దారి తెరిచి ఉన్నట్టు కనబడటం మన పని అన్నమాట.

క్లాన్‌లో మాట్లాడి ఒక పద్ధతికి వచ్చాం, తప్పొప్పులు చెప్పండి. ప్రతి మ్యాపుకూ ఒకే ఆరంభం. మొదటి నిమిషం వరకు ఎవరూ దారి తప్పరు. అక్కడి నుంచి రెండు శాఖలు. మొదటి నిమిషం ముగిసేసరికి మా లైట్ ట్యాంకులకు ఒక పార్శ్వంలో ఎదుటివారి భారీ ట్యాంకుల్లో సగానికి మించి కనబడితే రెండో పార్శ్వంలో దాడి, కనబడకపోతే ఉన్నచోటనే నిలబడి వాళ్ళను రానివ్వడం. ఏ శాఖ అన్నది కాలర్ ఒక్క మాటలో చెప్తాడు, దాని మీద చర్చ ఆట ముగిశాకే.

పొదలమాటు
మంగళవారం, రాత్రి 9:58

బాగుంది, రెండు సవరణలు చేసుకోండి. మొదటిది, ఎదుటివారి ట్యాంకులు కనబడకపోవడం కూడా ఒక సమాచారమే. ఏడు ట్యాంకుల ఆటలో నాలుగు ఎక్కడా వెలగలేదంటే అవి ఎక్కడో ఒకచోట కలిసే ఉన్నాయి. నిలబడే శాఖలో కూడా ఒక లైట్ ట్యాంకు వెనక ఖాళీని చూస్తూ ఉండాలి. రెండోది, మీ శాఖల ఎంపిక పూర్తిగా మీరు చూసినదాని మీదే ఆధారపడితే, మీకు ఏం చూపించాలో తెలిసిన జట్టు మిమ్మల్ని తనకు కావలసిన శాఖలోకి నడిపిస్తుంది. నేను పై పోస్టుల్లో చెప్పిన పన్నాగాలన్నీ వాళ్ళకూ తెలుసు. అందుకే మాస్టారు చెప్పిన యాదృచ్ఛికత కొంత అట్టే పెట్టుకోండి. సంకేతాలు ఎలా ఉన్నా, ఆట మొదలు కాకముందే నాణెం వేసి, అయిదింట ఒక ఆటలో వ్యతిరేక శాఖ ఆడండి.

లెక్కల మాస్టారు
మంగళవారం, రాత్రి 10:07

నాణెంతో అయిదింట ఒకటి రాదండి. పాచిక వేసి, ఆరు పడితే వ్యతిరేకం అనుకోండి, ఆరింట ఒకటి అవుతుంది. ఆ తేడాకు పర్వాలేదు.

నెమ్మది మహాకాయం
మంగళవారం, రాత్రి 10:21

ఒక్క సందేహం. కాలర్ ట్యాంకే ముందు ధ్వంసమైతే?

ఉక్కుచక్రం
మంగళవారం, రాత్రి 10:26

పోయినవాడికి మ్యాపు తీరిగ్గా చూసే వ్యవధి ఉంటుంది కాబట్టి మాట అతనిదే కొనసాగుతుంది. వాయిస్ తెగిపోతే మాత్రం నిలబడే శాఖ. గురువారం ఎనిమిదో టయరులో పదిమందితో మొదటిసారి ఆడుతున్నాం. రీప్లేలు ఇక్కడే పెడతాను, మినీమ్యాపు మీద మేము ఎదుటివారికి ఎప్పుడెప్పుడు కనబడ్డామో పొదలమాటు గారు చూసి చెప్పాలి.